దున్నిన చేలో పోయేదేముంది?

“దున్నుకున్న చెల్కనే గద సార్. ఏండ్ల సంది ట్రాక్టర్లు తిరుగుతున్నయ్. ఇంక అండ్ల పాడయ్యేటిది ఏముంటది?”

నాతో ఈ మాట అన్న కుర్రాడు దొంగ కాదు. గుళ్లు తవ్వడు, నందుల పొట్టలు పగలగొట్టడు, అమావాస్య రాత్రి నిమ్మకాయలు కోయడు. డిగ్రీ చదివాడు. ఫోన్లో ఇంగ్లండు వాళ్ల వీడియోలు చూసి ఆన్‌లైన్లో ఒక మెటల్ డిటెక్టర్ తెప్పించుకున్నాడు. నీళ్లందక పడావు పడ్డ చెలకల్లో పొద్దున్నే చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని తిరుగుతాడు. ఆరోజు అగ్గిపెట్టెలో దూది పరిచి ఒక సీసపు నాణెం తెచ్చాడు. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. శాతవాహనుల కాలానిది. “ఎంతొస్తది సార్?” అన్నాడు. ఎక్కడ దొరికిందని నేనడిగాను. “గా వాగు దిక్కు చెలకల్ల” అని చెయ్యి ఊపాడు. ఆ ఊపులో నలభై ఎకరాలు పడతాయి.

నా తగవు ఆ కుర్రాడితో కాదు, ఆ మాటతో. అది వాడొక్కడి మాట అయితే ఇంత రాయక్కర్లేదు. ఊరి పెద్దలు అంటారు, నాణేలు పోగుచేసే డాక్టర్లు, లాయర్లు అంటారు. చదువుకున్నవాళ్లు దానికే కాస్త మెరుగు పెట్టి, మట్టిలో మగ్గేకన్నా అద్దాల బీరువాలో ఉండటం మేలు కదా అంటారు. నలభై ఏళ్ల కింద నేనూ అన్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఈ దున్నిన నేల సంగతి. నాగలి పడ్డ చోట చరిత్ర చెరిగిపోతుందని, అక్కడ మిగిలేది విడి వస్తువులేనని అందరి నమ్మకం. నాగలి గానీ కల్టివేటర్ గానీ వస్తువును పైకీ కిందికీ తిప్పుతుంది, కొన్ని అడుగులు అటూ ఇటూ జరుపుతుంది. పక్క ఊరికి మోసుకుపోదు. పొరలు కలిసిపోతాయి, నిజమే. కానీ ఎక్కడ చిక్కగా ఉన్నాయి, ఎక్కడ పలచబడ్డాయి, ఎక్కడ ఆగిపోయాయి అన్న పరుపు మాత్రం అట్లాగే ఉంటుంది. ఆ పరుపును చదవగలిగితే దున్నిన చేను కూడా పుస్తకమే.

వీడియోల దేశమైన ఇంగ్లండు నుంచే దీనికి రుజువు తెస్తాను. 1485లో మూడవ రిచర్డ్ రాజు బోస్వర్త్ యుద్ధంలో చనిపోయాడు. ఆ యుద్ధం ఆంబియన్ కొండ దగ్గర జరిగిందని తరతరాలుగా చెప్పుకున్నారు. సందర్శకుల కేంద్రం కూడా అక్కడే కట్టుకున్నారు. 2005 మొదలు గ్లెన్ ఫోర్డ్ అనే పురావస్తు పరిశోధకుడి బృందం చుట్టుపక్కల పొలాలను డిటెక్టర్లతో వరుస కట్టి నడిచింది, దొరికిన ప్రతి ముక్క ఎక్కడ దొరికిందో పటం మీద చుక్క పెట్టింది. శతాబ్దాలుగా దున్నుతున్న పొలాలవి. ఏళ్లపాటు నడవగా కొండకు రెండు మైళ్ల అవతల ముప్పైకి పైగా సీసపు గుండ్లు, రిచర్డ్ మనుషులు ధరించే అడవిపంది ముద్ర గల వెండి బిళ్ల ఒకటి బయటపడ్డాయి. యుద్ధం జరిగింది కొండ మీద కాదు, కింది పొలాల్లో! ఆ సీసపు గుండు ఒక్కటి ఎవరైనా వారాంతపు సరదాకు వచ్చి ఏరి జేబులో వేసుకుపోయి ఉంటే దాన్ని చేపల వలకు గుండుగా కట్టుకోవచ్చు, అంతే. గుండ్లన్నీ కలిసి ఎక్కడ పడి ఉన్నాయన్న సంగతే ఒక దేశపు పాఠ్యపుస్తకాన్ని దిద్దింది. డిటెక్టర్ ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. తేడా పటం మీది చుక్కలో ఉంది.

అంత దూరం ఎందుకు, కోటిలింగాల ఉండనే ఉంది. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట వానలు పడ్డాక పిల్లలూ పెద్దలూ మట్టిలో ఏరుకున్న నాణేలు ఒక చరిత్రాభిమాని చేతుల మీదుగా శాసనాల పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి బల్ల మీదికి చేరాయి. ఆయన వాటి మీది బ్రాహ్మి అక్షరాలు చదివారు. గోభద, నారన, సమగోప వంటి, అప్పటిదాకా ఎవరూ వినని రాజుల పేర్లు. వాటితో పాటు శాతవాహన వంశ మూలపురుషుడిగా పురాణాలు చెప్పిన సిముకుడి పేరు. తొలి శాతవాహనుల పుట్టిల్లు పైఠాన్ వైపా, తెలంగాణమా అన్న వాదానికి బలం వచ్చింది ఆ నాణేల వల్లనే. ఇవే నాణేలు ఊరి పేరు లేకుండా బొంబాయి వేలంలో తేలి ఉంటే? “సిముక, సీసం, అరుదు” అని కింద మూడు మాటలు, పక్కన ఒక ధర. ఏ పేరు పడాలో ఆ పేరు నాణెం మీదే ఉంది. దానితో పాటు ప్రయాణించాల్సింది కోటిలింగాల పేరు.

ఇక్కడ నన్ను ఇరుకున పెట్టేవాళ్లుంటారు. కోటిలింగాల నాణేల్లో ముఖ్యమైనవి పైపైన ఏరినవే కదా, ఏరినవాళ్లు ఏ శాఖ అనుమతి తీసుకున్నారు అని. తీసుకోలేదు. వాళ్లు చేసిందల్లా ఊరు దాచకపోవడం. ఆ ఒక్క పనికే అంత ఫలితం వచ్చింది. కానీ ఏ దిబ్బ, ఏ పొర, పక్కన ఏముందన్నది లేకపోవడంతో ఆ నాణేల కాలం మీద, సిముకుడు ఎవరన్న దాని మీద పండితులు ఇవాళ్టికీ తగాదా పడుతూనే ఉన్నారు. సగం చిరునామా వంశ చరిత్రను కదిలించింది. పూర్తి చిరునామా ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవలసిందే. ఎందుకంటే ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనకనీళ్లు ఆ ఒడ్డును తాకాయి.

డిటెక్టర్ ఏం వింటుందో కూడా కొంచెం చెప్పాలి. చుట్టలో కరెంటు పారి నేలలోకి ఒక అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. లోహం తగిలితే అందులో చిన్న విద్యుత్ సుడులు పుట్టి తిరిగి జవాబిస్తాయి, చెవిలో బీప్ మంటుంది. నాణెమంత వస్తువైతే జానెడు, మహా అయితే మరికాస్త లోతులో. అంటే సరిగ్గా నాగలి తిరిగే మన్ను. ఇక చెలకలో నట్లు, బోల్టులు, గడ్డపార ముక్కలు, నాడాలు లెక్కలేనన్ని ఉంటాయి గనక అందరూ ముందు చేసే పని ఇనుము కూతను ఆపేయడం. మా కుర్రాడూ అంతే. “ఐరన్ బంద్ పెట్టిన సార్, లేకుంటే చెవులు పల్గుతయ్” అన్నాడు. నాకు చెప్పుతో కొట్టినట్టయింది. కోనసముద్రం ఉక్కు కోసం పరదేశపు వర్తకులు నడిచి వచ్చిన నేల ఇది. పెద్దబొంకూరు తవ్వకాల్లో నాణేలు వేలల్లో దొరికాయని అందరికీ గుర్తు. వాటి పక్కనే కమ్మరి పని ఆనవాళ్లు, ఇనుప పనిముట్లు దొరికాయని ఎవరికి గుర్తు? ఈ ప్రాంతం బతికింది ఇనుము మీద. ఆ ఇనుము గొంతు నొక్కి, వెండి బంగారాలనే పలకనిచ్చే యంత్రంతో చరిత్రను కాపాడుతున్నామంటే నేను నమ్మను. మేకు దొరికితే అవతల పారేస్తారు, చిట్టెం గడ్డ దొరికితే తిట్టుకుంటారు. అక్కడొక కొలిమి ఉండేదని చెప్పే సాక్షులు ఆ రెండే.

మన నేలలో ఇంకో చిక్కు ఉంది. పాటి మన్ను. పాతకాలపు ఊళ్లు కూలి దిబ్బలైన చోట్లను మనవాళ్లు పాటిగడ్డలంటారు. ఆ మన్ను బలమైన ఎరువని ఎడ్లబండ్ల కాలం నుంచీ పొలాలకు తోలుకుంటున్నారు. మన్నుతో పాటు పెంకులు పోయాయి, పూసలు పోయాయి, నాణేలూ పోయాయి. అందుచేత ఒక చెలకలో శాతవాహన నాణెం దొరికిందంటే అక్కడ శాతవాహనుల ఊరుందనుకోవడానికి వీల్లేదు. అరవై ఏళ్ల కింద ఆ రైతు తాత ఏ దిబ్బ నుంచి ఎన్ని బండ్లు తోలాడో అడగాలి. అడిగితే చెప్పే ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల మాట ఏ డిటెక్టరూ వినిపించదు. నాణెం తీసుకుని వెళ్లిపోయినవాడు వాళ్లను అడగడు, అడగాలని వాడికి తోచదు కూడా.

ఎందుకు తోచదంటే మన తలకాయల్లో నిధి అంటే లంకె బిందెలే. తూకమే. పొలం అమ్మకం దస్తావేజులో “నిధి నిక్షేప జల తరు పాషాణ సహితంగా” అని ఇప్పటికీ రాసుకుంటాం, రాగిరేకుల మీద దానశాసనాలు చెక్కిన కాలం నుంచి వస్తున్న మాట అది. కొన్నవాడు దాన్ని చూపించి నా భూమిలో నిధి నాదేనంటాడు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం అలా అనదు. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా ఏమిటి, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నది కలెక్టరుకు రాసి ఇవ్వాలంటుంది. ఇవ్వకపోతే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు పడొచ్చు. ఇస్తే, పాతిపెట్టినవాడి వారసులెవరూ రాకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి ముప్పావు వంతు, భూమి యజమానికి పావు వంతు. మా ఊళ్లలో ఈ సంగతి చెబితే నవ్వుతారు. ముప్పావు వంతు మనకా, సర్కారు ఇస్తుందా అని.

చట్టాన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దాంట్లోనే అసలు జబ్బు ఉంది. ఆ నిధిని ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువ కట్టి, దాని మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలట. లోహం విలువ! సిముకుడి పేరున్న సీసపు బిళ్లను ఆ లెక్కన కడితే పిల్లవాడికి చాక్లెట్టు రాదు. పది రూపాయల గీతను కూడా ఆ తూకంతోనే చూస్తే దాన్ని కలెక్టరుకు చెప్పాల్సిన అవసరమే ఉండదు. అంటే కంసాలి త్రాసు మన చేతిలోనే కాదు, నూటయాభై ఏళ్లకు దగ్గర పడుతున్న శాసనం చేతిలోనూ ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం వచ్చి నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే అంది, విదేశాలకు పంపకూడదంది, వ్యాపారానికి లైసెన్సు కావాలంది. మంచిదే. దొరికినవాడికి ఎంత గౌరవం, ఎంత పరిహారం అన్నచోట మాత్రం పాత త్రాసే.

పాలకులకైనా వేరే చూపు ఉందా? 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో నిధి కోసం తవ్వించింది ఏ ముఠానో కాదు, సాక్షాత్తూ రాష్ట్ర ప్రభుత్వం. ఎముకలు, ఇటుకలు దొరికాయి గానీ నిధి దొరకలేదు. అంతకు నాలుగేళ్ల ముందు ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లాలో ఒక సాధువు కన్న వెయ్యి టన్నుల బంగారపు కల దేశమంతా పాకిన తర్వాత భారత పురావస్తు శాఖే అక్కడ పలుగు పట్టింది. ప్రభుత్వాలే ఇట్లా ఉంటే రాత్రిపూట గుడి వెనక గొయ్యి తీసేవాడికి మనం ఏ ముఖం పెట్టుకుని బుద్ధి చెబుతాం?

మళ్లీ ఇంగ్లండు. “అక్కడ సర్కారే పర్మిషన్ ఇస్తది, కోట్లు ఇస్తది” అని మా కుర్రాడి వాదన. 2009లో స్టాఫర్డ్‌షైర్‌లో దున్నిన పొలంలోనే ఒకాయన డిటెక్టర్‌తో ఆంగ్లో సాక్సన్ల బంగారం కనిపెట్టాడు. దానికి 32,85,000 పౌండ్లు విలువ కట్టి, ఆయనకూ పొలం యజమానికీ చెరిసగం ఇచ్చారు. వీడియోలో చూపేది ఇక్కడిదాకానే. అంతకుముందు ఏం చేయాలో చూపరు. యజమాని అనుమతి కావాలి. రక్షిత స్థలాల్లో యంత్రం పెట్టకూడదు. చట్టం నిధి అన్నది దొరికితే పద్నాలుగు రోజుల్లో చెప్పాలి. నిధి కిందికి రాని ఒంటి నాణేలూ గుండీలూ అయినా సరే నమోదు చేయించుకునే ఏర్పాటు 1997 నుంచి ఉంది. చాలామంది తమంత తాము తెచ్చి రాయిస్తారు. పదిహేను లక్షలు దాటిన ఆ జాబితాలో ప్రతిదాని పక్కనా దొరికిన చోటు రాసుకుంటారు. ఆ దేశం ఆ హాబీని భరిస్తున్నది ఆ పుస్తకం ఉంది గనక. మనం యంత్రాన్ని తెచ్చుకున్నాం, పుస్తకాన్ని అక్కడే వదిలేశాం.

అక్కడా రాయించనివాళ్లున్నారు. 2015లో లెమ్‌స్టర్ పట్టణం దగ్గర ఇద్దరు మూడువందల దాకా నాణేలున్న వైకింగుల నాటి నిధిని తీసి, చెప్పకుండా అమ్ముకున్నారు. పట్టుబడ్డారు, 2019లో జైలు శిక్ష పడింది. అప్పటికి దొరికిన నాణేలు మాత్రం ముప్పై చిల్లర. ఆ ముప్పైలో కొన్నిటి మీద ఇద్దరు చక్రవర్తులు పక్కపక్కన కూర్చుని ఉన్నారు, అవి వేయించింది వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు చెయోల్‌వుల్ఫ్. ఆల్ఫ్రెడ్ ఆస్థానపు చరిత్రకారులు ఈ రెండో ఆయన్ను తెలివితక్కువ కీలుబొమ్మని రాసి పక్కన పెట్టేశారు. నాణెం చూస్తే ఇద్దరూ సరిసమానమైన మిత్రులు. గెలిచినవాడు రాయించిన చరిత్ర అబద్ధమని పొలంలోని నాణెం వెయ్యేళ్ల తర్వాత నోరు విప్పింది. ఇంకా దొరకని నాణేలు ఏం చెప్పేవో ఎవరికి తెలుసు? నాణెం కరగలేదు, ఎవరి బీరువాలోనో భద్రంగానే ఉండి ఉంటుంది. “బీరువాలో ఉంటే మేలు కదా” అనేవారికి నా జవాబు ఆ దొరకని నాణేలు.

ఇక వాళ్ల వాదాల్లో గట్టిది ఒకటుంది, దాన్ని తప్పించుకోను. “డిటెక్టర్ పట్టుకుని జానెడు గుంట తీసేవాడి మీద పడతారేం, ఎకరాలకు ఎకరాలు గీకేసే జేసీబీని ఆపండి చూద్దాం” అంటారు. నిజం. హైదరాబాదు చుట్టూ రోడ్లు పోయిన దిక్కల్లా చెలకలు వెంచర్లవుతున్నాయి. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో లేఅవుట్ కోసం నేల చదును చేస్తుంటే లోహపు బిందె ఒకటి బయటపడింది. కొబ్బరికాయలు కొట్టారు, జనం విరగబడ్డారు, అధికారులు వచ్చి తూచారు. 190 గ్రాములకు దగ్గరగా బంగారు నగలు, కిలో ఏడువందల గ్రాముల పైన వెండి. ఆ వార్తలో నాకు గుర్తున్నదంతా తూకమే. నేను మాత్రం ఏమంత గొప్పవాణ్ని? అయితే జేసీబీ పాపం డిటెక్టర్‌కు పుణ్యం కాదు. జేసీబీ రాకముందు ఆ నేల మీద డిటెక్టర్లతో వరుసగా నడిచి, బీప్ మన్న ప్రతిచోటా జెండా గుచ్చి, ఫోన్లో ఆ స్థలం నమోదు చేసి, ఇనుముతో సహా అన్నీ రాసుకుంటే నేను స్వయంగా వెళ్లి గొడుగు పడతాను. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేముందు ఇది చేయించాలని నిబంధన పెడితే మా కుర్రాడికి ఉద్యోగమూ దొరుకుతుంది. యంత్రం మీద నిషేధం అడిగేవాళ్ల పక్కన నేను లేను. వాళ్లు అడిగేది సులభం, అమలు చేయడం అసాధ్యం.

“చెబితే భూమి గుంజుకుంటరు” అన్న భయం మరొకటి. 1878 చట్టంలో అట్లాంటి మాట ఎక్కడా లేదు. కానీ భయం గాలిలోంచి పుట్టలేదు. నిధి దొరికిందని తెలిస్తే మొదట వచ్చేది పురావస్తు అధికారి కాదు, పోలీసు జీపు. తర్వాత టీవీ కెమెరాలు. తర్వాత పక్క ఊళ్ల జనం, పంట తొక్కుకుంటూ. రైతు తహసీలు చుట్టూ తిరగాలి. నాణెం పెట్టెలోకి పోతుంది, నివేదిక ఏళ్లకేళ్లు రాదు, అందులో ఆ రైతు పేరు ఉండదు. ఇట్లాంటప్పుడు చెప్పడం కన్నా కంసాలి దగ్గరికి పోవడమే నయమని అతను అనుకుంటే, తప్పు అతని ఒక్కడిదేనా?

నా సంగతి చెబుతానన్నాను. నలభై ఏళ్ల కింద సంతల్లో, పాతసామాన్ల కొట్లలో, బడికి వచ్చే పిల్లల దగ్గర నేనూ నాణేలు కొన్నాను, అర్ధరూపాయికీ రూపాయికీ. ఒక రేకుపెట్టె నిండా ఉన్నాయి. చింతపండు పెట్టి తోమాను కూడా, మెరవాలని. ఆనాటి మట్టి, దాంట్లో చెప్పగలిగిందేమైనా ఉంటే అది, మా పెరటి కాలువలో కలిసింది. వాటిని ఒక పరిశోధకుడికి చూపిస్తే మర్యాదగా ఒక్కొక్కటి తిప్పి చూసి, ఎక్కడివండీ అన్నాడు. పెట్టె మూత వేసుకున్నాను.

అందుకే కుర్రాడిని వదల్లేదు. ఆ ఆదివారం వాడి బండి వెనకే కూర్చుని వాగు దిక్కు చెలకల్లోకి పోయాను. ముందు యజమాని ఇంటికి తీసుకుపొమ్మన్నాను. ఇన్నాళ్లూ తిరుగుతున్నా వాడు ఆయన గడప తొక్కలేదు. వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చున్న పెద్దాయన నాణెం అరచేతిలో వేసుకుని చూశాడు, కోప్పడలేదు. కుర్రాడు గుంట తీసిన చోటు చూపించాడు. పెద్దాయన నవ్వాడు.

“గది మా చెల్క మన్నే గాదు బిడ్డా. మిషన్ కాకతీయ అప్పుడు ఊర చెర్ల మన్ను ముప్పై ట్రిప్పులు కొట్టిచ్చిన. గీ సగం మడికే.”

కుర్రాడు నా వైపు చూశాడు. ధర అడగలేదు ఈసారి. “మరి చెర్లకు యాడికెల్లి వొచ్చింది సార్?” అన్నాడు.

పెద్దాయన చేత్తోనే చూపించాడు. చెరువు ఎగువన, వాననీళ్లు దిగే వాలులో ఎర్రటి దిబ్బ, నిండా పెంకులు. పాటిగడ్డ అంటారట. ముగ్గురం నడిచి పోయాం. సగం దిబ్బ మీద అప్పటికే తెల్లరంగు వేసిన హద్దురాళ్లు పాతి ఉన్నాయి, ప్లాటు నంబర్లతో సహా.